అటక మీది ఫ్లాపీలు పారేయమన్న మెసేజ్ సంగతి

వారం నుంచి మా అమలాపురం గ్రూపుల్లో, పాత కంప్యూటర్లలో ఫైళ్లు దాచుకునే ఫ్లాపీ డిస్కుల మీద ఒకే మెసేజ్ తిరుగుతోంది. "ఫ్లాపీలో అయస్కాంత శక్తి పదేళ్లకు దానంతటదే పోతుంది. ఎంత పాతదైతే అంత నాసిరకం. ఒకసారి ఎర్రర్ వచ్చిందంటే డేటా మొత్తం గల్లంతే. పారేయండి." తొంభైల్లో డీటీపీ సెంటర్ నడిపి, శుభలేఖలూ కరపత్రాలూ ఫ్లాపీల్లోనే దాచినవాణ్ణి. ఊరుకోలేక రాస్తున్నా.

పదేళ్ల లెక్క ఎవరు కట్టారో గానీ, కిందటి నెల 1993 నాటి ఫ్లాపీ ఒకటి పెడితే శుభలేఖ ఫైలు అక్షరం పోకుండా తెరుచుకుంది. ఆ పెళ్లికూతురు ఇప్పుడు అమ్మమ్మ. లోపలి డిస్కు మీది ఐరన్ ఆక్సైడ్ పూతలో పడ్డ అయస్కాంత గుర్తులు అంత తేలిగ్గా చెరగవు. ముందు చెడేది ఆ పూతను మైలార్ అనే ప్లాస్టిక్ ఫిల్ముకి పట్టి ఉంచే జిగురు. అది గాలిలో చెమ్మ పీల్చుకుని మెత్తబడుతుంది, పైన బూజు పడుతుంది. మన డెల్టాలో ముసురు పట్టిందంటే గోడలే చెమ్మగిల్లుతాయి, ఫ్లాపీ ఎంత? 1996 నవంబరు తుపానుకి అటక మీద తడిసిన డబ్బాలోవి సగానికి సగం పోయాయి. బీరువాలో చీరల మధ్య ఉన్నవి నిలిచాయి. రెండూ కొన్నప్పుడు ఒకే పెట్టెలోంచి తీసినవే!

ఇంకో సంగతి ఆ మెసేజ్‌లో లేనే లేదు. హార్డ్ డిస్కులో హెడ్, అంటే రాసే చదివే భాగం, డిస్కుని తాకదు. ఫ్లాపీలో ఆనుకునే ఉంటుంది. బూజు పట్టినదాన్ని పెడితే పూత గీసుకుపోతుంది, ఆ మురికి హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టిన మంచిదాన్నీ గీస్తుంది. అందుకని ముందు షట్టర్ (జరిగే మూత) పక్కకి జరిపి, వెనక లోహపు బిళ్లని వేలితో తిప్పుతూ ట్యూబ్‌లైటు కింద చూడండి. తెల్లమచ్చలుంటే డ్రైవ్‌లో పెట్టొద్దు.

పాతదైతే నాసిరకమన్నది తలకిందుల మాట. నన్ను ఎక్కువ ఏడిపించినవి 2000 తర్వాత చవగ్గా దొరికినవి. సీలు విప్పి ఫార్మాట్ చేస్తుంటేనే బ్యాడ్ సెక్టార్లు, అంటే రాత నిలవని ముక్కలు. పాత 360 కేబీ ఫ్లాపీలో అంగుళానికి 48 ట్రాకులే (రాత పడే వలయాలు), 1.44 ఎంబీ దాంట్లో 135. ట్రాకు వెడల్పుగా ఉంటే చిన్నాచితకా లోపాలకి తట్టుకుంటుంది. అయితే 720 కేబీ ఫ్లాపీకి మూలన కన్నం పొడిచి 1.44గా ఫార్మాట్ చేసేవాళ్లం, నాలుగు డబ్బులు మిగులుతాయని. వాటి పూత ఆ రాతకి సరిపడేది కాదు. అవి మాత్రం నమ్మదగ్గవి కావు, ఒప్పుకుంటా.

ఎర్రర్ సంగతి. 1.44 ఫ్లాపీలో 512 బైట్ల సెక్టార్లు 2,880. చదివింది సరైందో కాదో పట్టిచ్చే లెక్క ప్రతి సెక్టారుకీ విడిగా ఉంటుంది. ఒకటి పోయినంత మాత్రాన మిగతా 2,879 పోవు. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక కూడా రెండు ప్రతులుంటుంది. పైగా తప్పు ఫ్లాపీది కాకపోవచ్చు. మా సెంటర్లో రాసినవి రాజమండ్రి ప్రెస్సులో తెరుచుకునేవి కావు. కంపెనీని నోరారా తిట్టాం. తీరా చూస్తే మా డ్రైవ్ హెడ్డే పక్కకి జరిగింది, అది రాసింది అదే చదువుకునేది! బూజు లేకపోతే రెండుమూడు డ్రైవ్‌లలో పెట్టి చూడండి. అప్పటికీ రాకపోతే గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డుంది. దాన్ని పాత డ్రైవ్‌కి తగిలిస్తే ఫ్లాపీ మీది అయస్కాంత గుర్తుల్ని ఉన్నదున్నట్టు కాపీ తీస్తుంది.

పెట్టేముందు మూలనున్న చిన్న పలకని జరిపి కన్నం తెరిచి ఉంచండి, డ్రైవ్ దాని మీద రాయలేదు. విండోస్ "ఫార్మాట్ చేయాలా" అనడిగితే వద్దనండి.