తుప్పుది తప్పా?

తిరుపతిలో కార్తీక మాసపు వానలు తగ్గగానే అపార్ట్‌మెంట్లలో దోషి కోసం గాలింపు మొదలవుతుంది. గేటు అడుగు భాగం ఎర్రబడి, ముట్టుకుంటే పొరలు పొరలుగా రాలుతుంటుంది. కమిటీవాళ్లు వెల్డర్ నాసిరకం ఇనుము వేశాడంటారు. వెల్డర్, వాచ్‌మన్ రోజూ నీళ్లు పోసి కడుగుతున్నాడంటాడు. వాచ్‌మన్ వీధి కుక్కల వైపు చూస్తాడు. చివరికి అందరూ కలిసి తుప్పును తిడతారు. దాని తరఫున మాట్లాడే నాథుడు లేడు కాబట్టి ఆ వకాల్తా నేను పుచ్చుకుంటున్నాను.

నా కక్షిదారు పిలవని పేరంటానికి రాదు. గాలిలోని ఆక్సిజన్, నీరు రెండూ ఉండాల్సిందే. లోపలి గాలి పోయేలా మరిగించి చల్లార్చిన నీళ్లలో మేకు వేసి, మళ్లీ గాలి చేరకుండా పైన నూనె పోస్తే అది మెరుస్తూనే ఉంటుందని మనం బళ్లోనే చదివాం. మన మే నెల ఎండల్లో తుప్పు ఎవరి గేటు జోలికైనా వచ్చిందా?

తడిసిన ఇనుములో ఒకచోట పరమాణువులు ఎలక్ట్రాన్లను వదులుకుంటాయి. అవి లోహంలోంచే ఇంకోచోటికి పరుగెత్తి, అక్కడ ఆక్సిజన్‌కు, నీటికి అందుతాయి. ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుము ఆ రెండింటితో కలిసి ఎర్రటి ఆక్సైడ్ అవుతుంది. సంతకం లేకుండా, చెయ్యి తడపకుండా ఇంత చురుగ్గా పని జరిగే చోటు ఇంకొకటి ఉంటే చూపించండి. లవణాలు కలిస్తే ఈ పని మరీ జోరందుకుంటుంది. కాబట్టి గేటు దగ్గర కాలెత్తే కుక్కలపై వాచ్‌మన్ అనుమానాన్ని కొట్టిపారేయలేం.

ఢిల్లీ ఇనుప స్తంభం 1600 ఏళ్లుగా నిలబడలేదా అని ప్రత్యర్థులు అడుగుతారు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. దానివల్ల పైన గట్టి పొర ఏర్పడి కాపాడుతోంది. ఆ పొర కూడా తుప్పు పట్టే క్రమంలో పుట్టిందే. మంచిపేరు మాత్రం స్తంభానికి!

మరి మనం? కొత్త బండిని అలిపిరి పాదాల మండపం దగ్గర పూజ చేయించి, కట్టిన నిమ్మకాయను కుళ్లేదాకా తీయం. ఆ పుల్లటి రసం కారి, రంగు గీసుకుపోయిన చోట ఎర్రబడితే షోరూమ్‌వాడిని నిలదీస్తాం.

గేటుకు చేసే వైద్యం ఇంకా ముచ్చటైనది. ఎమరీ పేపర్‌తో గీకే ఓపిక లేక, తడి ఆరకముందే తుప్పు మీదే రెడ్ ఆక్సైడ్ పూస్తారు. ఆ డబ్బాలోని ఎర్ర రంగు కూడా ఐరన్ ఆక్సైడే. అంటే, ఊరికే వచ్చిన తుప్పు మీద డబ్బిచ్చి కొన్న దాని దాయాదిని కూర్చోబెడుతున్నాం. అడుగున తడి, గాలి ఉన్నాయి కాబట్టి పాతది తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

అసలు కేసు స్లాబుది. మంచి కాంక్రీటులోని క్షారగుణం లోపలి కమ్మీని కాపాడుతుంది. పగుళ్లలోంచి ఏళ్ల తరబడి నీరు, గాలి దిగితే ఆ రక్షణ పోతుంది. తుప్పు తాను మింగిన ఇనుము కంటే రెండు రెట్లకు పైగా చోటు అడుగుతుంది. చోటు లేక కాంక్రీటును తోస్తే పెచ్చులు ఊడిపడతాయి. ఇంటి ఓనర్ అక్కడ పుట్టీ పెట్టించి, రంగు వేయించి, ‘ఇల్లు కొత్తగా చేయించాం’ అని అద్దె వెయ్యి పెంచుతాడు. ఆ వెయ్యిలో నా కక్షిదారుకు సగం వాటా ఇప్పించాలని ప్రార్థన.