సవరణ: జ్వరం తగ్గాక ఫ్లూ అంటుకోదన్న మాట గురించి

ఫ్లూ వచ్చినవాళ్లు జ్వరం తగ్గిన రోజు నుంచే మామూలుగా తిరగొచ్చు, ఇక ఎవరికీ అంటదు అని ఇంతకుముందు రాశాను. అది తప్పు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ సమాచారం ప్రకారం లక్షణాలు కనిపించడానికి సుమారు ఒక రోజు ముందు నుంచి, మొదలయ్యాక 5 నుంచి 7 రోజుల దాకా ఇతరులకు సోకే అవకాశం ఉంటుంది, అందులో మొదటి 3 రోజులు మరీ ఎక్కువ, చిన్నపిల్లల్లో ఇంకొన్నాళ్లు కూడా సాగొచ్చు.

జ్వరం తగ్గడమంటే మందు వేసుకోకుండా 24 గంటలు రాకపోవడం, మిగతా లక్షణాలూ తగ్గుముఖం పట్టడం. పొద్దున్నే పారాసెటమాల్ వేసుకుని, థర్మామీటర్‌లో 98 చూసి ఆఫీసుకు బయల్దేరితే అది లెక్కలోకి రాదు (మనలో చాలామంది చేసేది ఇదే, పైగా ఓపిక లేకపోయినా వచ్చాడని మెచ్చుకుంటాం). మందు లేకుండా 24 గంటలు గడిచి బయట తిరగడం మొదలుపెట్టాక కూడా 5 రోజులు మాస్కు, చేతులు కడుక్కోవడం, గాలి ఆడేలా కిటికీలు తీయడం లాంటి జాగ్రత్తలు పాటించమని 2024లో సీడీసీ ఇచ్చిన సూచనల్లో ఉంది.

ఇంకో మాట, మాస్కులు అనవసరమని నేను అన్నట్టు కొందరు అర్థం చేసుకున్నారు. నేనన్నది ఒంటరిగా ఉన్నప్పుడు అక్కర్లేదని మాత్రమే. దగ్గుతున్నవాళ్లు నలుగురిలోకి వెళ్తే పెట్టుకోవాల్సిందే.