స్తంభాలు మాకూ ఉన్నాయి

జర్మనీలోని ఎర్లాంగెన్ శాస్త్రవేత్తలు 2023లో ఒక ఘనకార్యం ప్రకటించారు. సిలికాన్ చిప్‌ మీద రెండు వరుసల్లో బుల్లి స్తంభాలు నిలబెట్టి, మధ్యన 225 నానోమీటర్ల సందు వదిలి, లేజర్ కాంతి పడుతుండగా అందులోంచి ఎలక్ట్రాన్లను పంపారు. అర మిల్లీమీటరు దూరంలో వాటి శక్తి 28.4 నుంచి 40.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు పెరిగింది.

బెంగళూరులో పన్ను కట్టే తెలుగువాడిగా నాకో సందేహం. ఇందులో వింతేముంది? స్తంభాలే అయితే మాకూ ఉన్నాయి. సిల్క్ బోర్డు కూడలి నుంచి కృష్ణరాజపురం దాకా ఔటర్ రింగ్ రోడ్డు వెంట మెట్రో కోసం లేపినవి బారులు తీరి ఉన్నాయి. వాటి పక్కన వెళ్లే కారుకు శక్తి పెరగదు సరికదా, నడిపేవాడికి ఉన్నది కాస్తా హరించుకుపోతుంది.

కిటుకు సమయంలో ఉందట. కాంతి తరంగంలోని విద్యుత్ క్షేత్రం ఒక క్షణం ముందుకు తోస్తుంది, మరుక్షణం వెనక్కి లాగుతుంది. ఎలక్ట్రాన్ ప్రతి స్తంభం దగ్గరికీ తోసే క్షణానికే చేరేలా ఎడం లెక్కగట్టి పెడతారు. మన సిగ్నళ్ల వారు ఈ సూత్రాన్ని సగం అమలు చేశారు, వెనక్కి లాగే సగాన్ని.

అసలు చిక్కు మరొకటి: ఆ ఇరుకు సందులో ఎలక్ట్రాన్ల గుంపు చెదరకుండా సాగాలి. గుంపును ముందువెనకలుగా బిగిస్తే పక్కలకు విచ్చుకుంటుంది, పక్కల నుంచి బిగిస్తే నిడివిలో చెదురుతుంది. రెండూ ఒకేసారి కుదరవు. అందుకే స్తంభాల ఎడం అక్కడక్కడ మార్చి, వంతులవారీగా బిగిస్తూ పోతారు. సిల్క్ బోర్డు దగ్గరా ఇదే భౌతికశాస్త్రం. ఎర్రదీపం పడగానే గుంపు పక్కలకు విచ్చుకుంటుంది: స్కూటర్లు కాలిబాట ఎక్కుతాయి, ఆటో ముందుచక్రం రెండు కార్ల మధ్య దూరి ఆగుతుంది. పచ్చదీపం పడగానే నిడివిలో చెదురుతుంది. బిగించే వంతు ఏ శాఖదో మాత్రం ఇంకా తేలలేదు.

కనుక ఔటర్ రింగ్ రోడ్డు మీద వెంటనే లేజర్లు బిగించాలని ప్రభుత్వానికి నా విన్నపం. మారతహళ్లి మెస్సులో పప్పన్నం కలుపుతూ ఈ మాటే అంటే మా బావమరిది కొట్టిపారేశాడు. "ఎలక్ట్రాన్లన్నీ ఒకే రకం బావా, వాటిలో ఎమ్మెల్యేగారి మేనల్లుడు ఉండడు."

అభ్యంతరం బలమైనదే. టెండరు ఆగరాదు. ముందుగా స్తంభాల మీది పోస్టర్లు గీకించాలి, ఎందుకంటే నానోమీటర్ల పనిలో జిగురు మందం కూడా లెక్కలోకి వస్తుంది. ట్యూషన్లు, పీజీలు, పైల్స్ వైద్యం, అన్నీ పోవాలి. "ఆంధ్రా భోజనం, అన్నం ఎంతైనా" అన్నదాన్ని మాత్రం ప్రజాప్రయోజనం దృష్ట్యా మినహాయించగలరు.