మళ్ళీ గ్యాస్ అయిపోయిందట!

చెన్నైలో కత్తిరి ఎండలు, అంటే నడివేసవి మంటలు. ఏసీలోంచి చల్లగాలి రావట్లేదని మెకానిక్‌ని పిలిస్తే, మూత కూడా తీయకుండా "గ్యాస్ అయిపోయింది సార్, నింపాలి" అంటాడు. ఏటా ఇదే మాట. ఒళ్ళు మండిపోతోంది.

అదేమన్నా వంటగ్యాసా, వాడేకొద్దీ తరిగిపోవడానికి? మూసేసిన రాగి గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ళ తరబడి తిరుగుతుండాలి. తగ్గిందంటే ఎక్కడో లీకవుతున్నట్టే. ఆ చోటు పట్టుకోకుండా నింపితే కొత్తదీ పోతుంది, మన డబ్బూ పోతుంది. మాలా సముద్రానికి దగ్గర్లో ఉండేవాళ్ళకి మరీ కష్టం, ఉప్పుగాలి బయటి యూనిట్ కాయిల్‌ని తినేస్తుంది. గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి, అతుకుల దగ్గర సబ్బునీళ్ళు రాస్తే లీకున్న చోట బుడగలు వస్తాయి. అది సరిచేశాక వాక్యూమ్ పంపుతో లోపలి గాలి, తేమ లాగేసి, తూకం వేసి నింపాలి. ఆర్32 అనే ఈ ఏసీ గ్యాస్ ఎన్ని గ్రాములు పట్టాలో యూనిట్ మీద స్టిక్కర్‌లోనే ఉంటుంది. ఎవరు చూస్తున్నారు?

చాలాసార్లు తప్పు గ్యాస్‌ది కూడా కాదు. ఫిల్టర్‌లో దుమ్ము, బయటి కాయిల్‌కి పట్టిన మట్టి, లేదంటే కెపాసిటర్. కంప్రెసర్ మోటారుకి ఊపునిచ్చే చిన్న భాగం అది. కెపాసిటర్ పోతే గ్యాస్‌ని తిప్పే కంప్రెసర్ తిరగదు, ఫ్యాన్ గాలి మాత్రమే వస్తుంది.

రాత్రిళ్ళు కూడా తగ్గని ఈ ఉక్కలో మా అమ్మకి కంటిమీద కునుకు లేదు. లీకెక్కడో కళ్ళకి చూపించండి, అప్పుడే గ్యాస్‌కి డబ్బులిస్తాను.