తుప్పుకు పట్టాభిషేకం

మనిషి ఫ్యాక్టరీలోంచి బయటపడడానికి రెండు శతాబ్దాలు తంటాలు పడ్డాడు. పనిగంటలు తగ్గించమని సమ్మెలు చేశాడు, గాలీ వెలుతురూ కావాలని చట్టాలు చేయించుకున్నాడు, ‘మా అవస్థ మీకు వద్దు’ అని పిల్లలను చదివించి మెత్తని కుర్చీల ఉద్యోగాలకు పంపాడు. ఆ పిల్లల పిల్లలు ఇల్లు కొనుక్కుని, చేతిలో కాస్త డబ్బు ఆడగానే చేసిన మొదటి పని, తాతలు వదిలించుకున్న ఆ ఫ్యాక్టరీని విప్పించి, ముక్కలుగా మోయించి, హాల్లో మళ్లీ బిగించుకోవడం. ఇంత గొప్ప పరిణామాన్ని పండితులు తగినంత గంభీరంగా పట్టించుకోలేదు. ఆ లోటు తీర్చడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పాత ఫ్యాక్టరీ సామానుతో అలంకరించిన ఇటువంటి ఇంటిని చూసే భాగ్యం కలగనివారి కోసం కొంచెం వర్ణన అవసరం. హాలు మధ్యలో ఒకప్పుడు సరుకు లాగిన ఇనుపచక్రాల బండి ఉంటుంది. దాన్ని టీపాయ్ అనాలి. చక్రాలు ఇప్పటికీ తిరుగుతాయి కనుక కాఫీ కప్పు పెట్టేటప్పుడు దాన్ని ఒక కాలితో అదిమిపట్టాలి. గోడవార కార్మికులు చొక్కాలు విప్పి పెట్టుకున్న ఇనుప లాకర్ల వరస ఉంటుంది. వాటిలో ఇప్పుడు ఇంటివారి బూట్లు నివసిస్తున్నాయి. భోజనాల బల్ల పూర్వాశ్రమంలో ఫిట్టర్లు ఇనుము రాకిన బెంచి. ఇనుప ముక్కను కదలకుండా పట్టుకోవడానికి మూలన బిగించిన వైస్‌ను తీయలేదు, బల్ల ధరలో సగం దానిదే మరి. ఎవరైనా అతిథిని ఆ మూల కూర్చోబెడితే భోజనమంతా మోచేతిని కాపాడుకోవడంతోనే సరిపోతుంది. పుస్తకాల అరలు నీళ్ల గొట్టాలతో కట్టినవి. ఎల్బోలు, టీలు, ఫ్లాంజీలు, ఆ గొట్టాల అతుకులన్నీ అసలువే, నీళ్లు మాత్రం రావు. కుళాయి బాగుచేయడానికి వచ్చిన ప్లంబరు ముందుగా వాటి దగ్గరే ఆగి, ఇది ఏ లైనని అడుగుతాడు. వంటగదిలో నిజంగా నీళ్లు మోసే గొట్టాలను ఇంటివారు చెక్క పలకలతో కప్పించారు, చూడడానికి బాగుండవని.

ఈ ఉద్యమానికి మూలపురుషులు లేకపోలేదు. ఫ్రాన్స్‌లోని బుర్గుండీ ప్రాంతానికి చెందిన గ్జావియే పోషార్ అనే రేకుల పనివాడు, ఇనుప రేకును కరిగిన జింకులో ముంచితే తుప్పు దరిచేరదని గ్రహించి, జీవితమంతా ఆ విద్య మీదే బతికాడు. 1934లో ఆయన చేసిన టోలిక్స్ ‘ఎ’ కుర్చీ ఫ్యాక్టరీలకూ ఆరుబయట కాఫీ హోటళ్లకూ పాకింది. వాన నీరు నిలవకుండా దాని సీటుకు రంధ్రాలున్నాయి. ఇప్పుడా కుర్చీలు చల్లని గదుల్లో, తివాచీల మీద, ఎన్నటికీ కురవని వాన కోసం రంధ్రాలు తెరుచుకుని ఎదురుచూస్తున్నాయి. తుప్పు మీద యుద్ధం ప్రకటించిన మనిషి పేరు చెప్పి, తుప్పు మచ్చలున్న కుర్చీ కోసమే కొనేవారు వెతుకుతున్నారు.

అమెరికా నౌకాదళం కోసం ఎమెకో సంస్థ 1944లో ఒక అల్యూమినియం కుర్చీ చేసింది. దాని నంబరు 1006, తయారీలో 77 దశలు. ఉప్పుగాలికీ, అలలకూ, నావికులకూ, చివరికి టార్పెడో దెబ్బకూ తట్టుకోవాలన్నది అప్పటి కోరిక అంటారు. నేడు దానికి ఎదురయ్యే అతిపెద్ద ప్రమాదం కాఫీ ఒలకడం. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఝాన్ లూయీ డొమెక్ అనే ఆయన తన వర్క్‌షాపుకు సరిపడే దీపం దొరక్క 1950లో సొంతంగా ఒకటి రూపొందించుకున్నాడు. దీపపు చేతిని అటూ ఇటూ వంచినప్పుడు కీళ్ల దగ్గర తీగ నలిగి తెగిపోతుందని, అసలు కీళ్లలో తీగే లేకుండా చేశాడు. జీల్డే అనే ఆ దీపం యంత్రం మీద కాక ఇప్పుడు సోఫా పక్కన నిలబడి, ఫోను చూసుకునేవారి తల మీద వెలుగు పోస్తోంది. ఫోనుకు సొంత వెలుగు ఉందన్న సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

ఈ మూడూ మంచి వస్తువులే. వాటిని చేసినవారు అందం కోసం తాపత్రయపడలేదు, పని జరగాలనుకున్నారు, అందం దానంతట అదే వచ్చింది. పని తీసేసి అందాన్ని మాత్రం ఉంచుకోవడం మన తరం చేసిన ఆవిష్కరణ.

ఆ ఆవిష్కరణ పుట్టింది చేతిలో డబ్బు లేనివారి దగ్గర. రెండో ప్రపంచ యుద్ధం తరవాత న్యూయార్క్‌లోని సోహోలో చిన్న పరిశ్రమలు ఒక్కొక్కటిగా ఖాళీ చేశాయి. పోత ఇనుప ముఖాలున్న ఆ భవనాల్లోకి 1960లలో చిత్రకారులు చేరారు. అద్దె తక్కువ, కిటికీలు పెద్దవి, కాపురం ఉండడం మాత్రం చట్టవిరుద్ధం. కొత్త బల్ల కొనలేక, వదిలేసి వెళ్లిన బల్లనే వాడుకున్నారు. 1971లో నగరం కళాకారులకు అక్కడ నివసించే హక్కు ఇచ్చింది. ఆ వెనకే కళాకారుల్లా బతకాలని ముచ్చటపడే ధనవంతులు వచ్చారు, అద్దెలు పెరిగాయి, కళాకారులు చాలామంది మూటాముల్లె సర్దుకున్నారు. బల్లలు ఉండిపోయాయి. బల్ల వైపు నుంచి చూస్తే కార్మికుడికీ కళాకారుడికీ తేడా లేదు, ఇద్దరూ ఖాళీ చేసి వెళ్లేవారే.

ఫ్యాక్టరీ స్టూలు మీద అరగంట దాటితే నడుము నొప్పెడుతుందని ఈ ఉద్యమంలోని కొందరు సభ్యులు గుసగుసలాడుతున్నారు. వారు చరిత్ర చదవలేదు. బ్రిటన్‌లో దుకాణాల్లో రోజంతా నిలబడి పనిచేసే ఆడవారి మీద జాలిపడి 1899లో ఒక చట్టం తెచ్చారు. ప్రతి ముగ్గురికీ తప్పనిసరిగా ఒక ఆసనం ఉండాలని! మిగిలిన ఇద్దరూ ఆ ఒక్కరిని చూసి ఆనందించాలి కాబోలు. దయాగుణం అలా పొంగిపొర్లిన కాలం పోలికలున్న స్టూలును మెత్తగా లేదని నిందించడం భావ్యం కాదు.

అయినా ఈ వ్యాపారంలో అసలు సరుకు ఇనుమూ కాదు, చెక్కా కాదు. అరుగుదల. బల్ల అంచున గాడి పడిందంటే అక్కడ ఎవరో ఏళ్ల తరబడి ఒకే పని ఒకేలా చేశారన్నమాట. ఆ గాడిని ఇంటాయన అతిథులకు వేలితో చూపిస్తాడు, ‘చూడండి, ఎంత జీవం ఉందో’ అంటాడు. ఆ చేతులకు దక్కిన కూలి ఎంతో, ఆ గాడికి ఇవాళ పలికే ధర ఎంతో పక్కపక్కన పెట్టి చూడకూడదు. గది అలంకరణ చెడిపోతుంది.

చిక్కేమిటంటే పాత ఫ్యాక్టరీలు కొన్నే, కొనేవారు కోకొల్లలు. దీనికి దొరికిన పరిష్కారం మన యుగపు మేధకు మచ్చుతునక: కొత్త ఫ్యాక్టరీల్లో పాత బల్లలు తయారుచేయడం. కొత్త చెక్కను గొలుసులతో బాదుతారు, మేకులతో పురుగు తిన్నట్టు బొక్కలు పొడుస్తారు. ఇనుము మీద వెనిగర్, ఉప్పు, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి చల్లితే తరాల తుప్పు ఒక్క పూటలో దిగుతుంది. ఈ పని చేసేదీ కార్మికులే. పూర్వం పనిచేస్తే బల్ల అరిగేది, ఇప్పుడు బల్లను అరగదీయడమే పని. గొలుసు పట్టుకుని బాదీ బాదీ వారి చేతులు నిజంగానే అరుగుతాయి, ఆ అరుగుదలకు మాత్రం గిరాకీ లేదు. ఇన్ని దెబ్బలు తిన్న బల్ల ఇంటికి వచ్చేటప్పుడు లారీలో ఇంకో గీత పడిందనుకోండి, కొన్నవారు ఫోటో తీసి పంపి నష్టపరిహారం అడుగుతారు. ఆ గీత అసలైనది కదా!

నిజంగా పాతవి కొనేవారికి పెచ్చులూడే రంగు కానుకగా వస్తుంది. అందులో సీసం ఉండవచ్చు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని అమెరికా 1978లో నిషేధించింది, అంతకు ముందునాటి సామాను సంగతి వేరు. పాకే పిల్లలున్నవారు పరీక్ష చేయించుకోవడం మంచిది, ఈ వాక్యంలో వ్యంగ్యం లేదు.

గోడ మీద హాజరు గడియారం లేకపోతే ఈ కొలువు పూర్తి కాదు. అమెరికాలోని ఆబర్న్ పట్టణంలో నగల వ్యాపారం చేసిన విల్లార్డ్ బండీ 1888లో ఇటువంటి యంత్రాన్ని కనిపెట్టాడు. కార్మికుడు ఎన్నింటికి వచ్చాడో, ఎన్నింటికి వెళ్లాడో అది కాగితం మీద అచ్చువేసేది. ఆ వ్యాపారం ఒకదాంట్లో ఒకటి విలీనమవుతూ పోయి, 1924లో ఐబీఎం అనే పేరు పెట్టుకుంది, తరవాత కంప్యూటర్లకు పేరుమోసిన సంస్థ అదే. అంటే గోడ మీద అలంకారంగా వేలాడుతున్నది కంప్యూటరుకు దగ్గరి బంధువే. ఇంటివారు పొద్దున్నే దాన్ని మురిపెంగా తుడిచి, ఫిట్టర్ల బల్ల ముందు స్టూలు లాక్కుని కూర్చుని, కంప్యూటర్ తెరిచి లాగిన్ అవుతారు. ఎన్ని నిమిషాలు కదలకుండా ఉన్నారో అది లెక్కపెడుతుంది. ఫిట్టరుకు ఒక సౌకర్యం ఉండేది, సైరన్ మోగగానే ఈ బల్లను వదిలి ఇంటికి వెళ్లేవాడు. వీరు ఇంట్లోనే ఉన్నారు కనుక వెళ్లడానికి చోటు లేదు.

కాబట్టి చిత్తశుద్ధి ఉన్నవారు సగంలో ఆగకుండా ఒక సైరన్ కూడా పెట్టించుకోవాలని మనవి. ఇంట్లో ఒకరిని మేస్త్రీగా నియమించుకోవచ్చు. పిల్లలు మాత్రం అడగకుండానే సంఘం పెట్టుకుంటారు, వారి కోరికల పత్రంలో మొదటిది దిండు.

దిండు దగ్గరే ఉద్యమం రెండుగా చీలింది. ఇనుప కుర్చీ మీద దిండు వేయడం సిద్ధాంత ద్రోహమని అతివాదులు, నడుముకు సిద్ధాంతం తెలియదని మితవాదులు. కొంతకాలం వాదోపవాదాలు సాగాక రాజీ కుదిరింది. కాఫీ గింజలు ఎగుమతి చేసిన గోనె సంచులను, వాటి మీది రేవు ముద్రలతో సహా, దిండు గలీబులుగా కుట్టించుకోవచ్చని. అవి గుచ్చుకుంటాయి. గుచ్చుకోని రకం కూడా బజారులోకి వచ్చింది, మెత్తని నూలుగుడ్డ మీద గోనె నేతను, ముద్రలను అచ్చువేసినది. అతివాదులు దాన్ని ఇంకా గుర్తించలేదు, కానీ ఎవరూ చూడనప్పుడు దాని మీదే కూర్చుంటున్నారు.