ఎంపిక వేడుక గారికి విన్నపం

మహారాజశ్రీ ఎంపిక వేడుక గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. అమెరికా టీనేజీ నవలల్లో పిల్లల్ని వరసగా నిలబెట్టి, "నువ్వు ఇదీ, చచ్చేదాకా ఇదే" అని ముద్ర కొట్టే శుభకార్యం తమరిదే కదా. తమరి మీద గౌరవం తగ్గకుండానే నాలుగు మాటలు రాసుకుంటున్నాను.

1993లో 'ది గివర్' వచ్చినప్పుడు తమరు ఎంత పద్ధతిగా ఉండేవారు! 12వ ఏట పెద్దల సంఘం ఎవరి పని ఏదో ప్రకటిస్తుంది, సభంతా చప్పట్లు కొడుతుంది. రంగుల్లేవు, ఎండావానల్లేవు, ఎవరికీ పేచీ లేదు. అందరూ ఒక్కలా ఉంటే ఎంత హాయో, ఎంత ఘోరమో గొంతు పెంచకుండా చూపించారు. ఆ పుస్తకాన్ని బడుల్లోంచి తీసేయమని అక్కడి తల్లిదండ్రులు కొందరు ఏళ్ల తరబడి అర్జీలు పెట్టారు. తమరి పెద్దల సంఘం చూసుంటే మురిసిపోయేది.

ఆడంబరం ఆ తర్వాత పెరిగింది. 2005 నాటి 'అగ్లీస్'లో 16 నిండగానే కత్తి పట్టి అందరికీ అందమైన మొహాలు చేశారు. 2010 నాటి 'మ్యాచ్డ్'లో 17 ఏళ్లకు విందు పెట్టి, కాబోయే జోడీని తెర మీద చూపించారు. (దీన్ని మావైపు డిస్టోపియా, అంటే పీడకల లాంటి రాజ్యం, అనరు; సంబంధం చూడటం అంటారు.) 2011లో 'డైవర్జెంట్' షికాగోకి వచ్చేసరికి 16 ఏళ్ల పిల్లలు చెయ్యి కోసుకుని నెత్తురు చిందించాలి. గిన్నెలు ఐదు: ధైర్యవంతులకు నిప్పులు, తెలివైనవాళ్లకు నీళ్లు, శాంతపరులకు మట్టి, నిజాయితీపరులకు గాజు, త్యాగమూర్తులకు బూడిదరంగు రాళ్లు. ఐదంటే ధారాళమేనండీ. పదో తరగతి ఫలితాలొచ్చిన ఇళ్లలో మాకున్నవి రెండే, ఎంపీసీ, బైపీసీ. నెత్తురు అడగరులెండి, ఫీజు చాలు.

అసలు ఫిర్యాదుకొస్తాను. ఇంత ఏర్పాటు చేసిన తమరి పరీక్ష, కథానాయిక దగ్గరకొచ్చేసరికి ఎందుకు తెల్లమొహం వేస్తుంది? ఆ పిల్ల ఏ గిన్నెలోనూ ఇమడదు. చదివేవాళ్లు లక్షలమంది, ఒక్కరు తప్పకుండా "అచ్చం నేనే" అనుకుంటారు. సభలో చప్పట్లు కొట్టింది నేనేనేమో అని ఒక్కరికీ తోచదు. పుస్తకం మూయగానే "మీరు ఏ గిన్నె?" అని ఆన్‌లైన్ క్విజ్‌కి పరిగెడతారు. 2013లో 'హంగర్ గేమ్స్' రెండో సినిమాకి కవర్‌గర్ల్ కంపెనీ 'క్యాపిటల్' పేరుతో మేకప్ సామాను దించింది. పిల్లలు ఒకర్నొకరు చంపుకుంటుంటే కేరింతలు కొట్టే నగరం పేరు మీద! ఇంతకన్నా నియంతలకు ఏం కావాలి?

తిరుగుబాటుకీ యూనిఫాం కుట్టించారు: మూడు భాగాలు, ఒకమ్మాయి, ఇద్దరబ్బాయిలు, ఆఖరి పుస్తకానికి రెండు సినిమాలు. 'హంగర్ గేమ్స్' వాళ్లు చేశారని 'డైవర్జెంట్' వాళ్లూ ఆఖరిదాన్ని రెండు ముక్కలు చేయబోయారు. మొదటి ముక్క 2016లో ఆడలేదు, రెండోది రానేలేదు. తమరి రాజ్యం వెండితెర మీద పూర్తిగా కూలకుండా మిగిలిందంటే ఆ పుణ్యం టికెట్టు కొననివాళ్లది.

ఒక్క కోరిక. ఈసారి పరీక్ష సరిగ్గా పెట్టండి. అమ్మాయి మామూలు మనిషే అని తేలాలి. వెళ్లమన్న గుంపులోకి వెళ్తుంది, ఇచ్చిన బట్టలు కట్టుకుంటుంది. పక్కింటివాళ్లు ఒక రాత్రి మాయమైతే, అడగాలా వద్దా అని తెల్లారేదాకా దొర్లి, పొద్దున్నే పనికి పోతుంది. మూడు భాగాలు అక్కర్లేదు, ఒకటి చాలు. అమ్ముడుపోదని భయమైతే అట్ట మీద "ఈమె అందరిలాంటిది కాదు" అని వేయించండి, కొనేస్తాం.

చిత్తగించవలెను.

ఇట్లు,
సభలో వెనక వరస నుంచి
ఒక పాఠకురాలు