పులి కన్నా ముందు పులిహోర

(ఒంగోలులో ఒక ఇల్లు. రాత్రి తొమ్మిది దాటింది. తెల్లవారితే శ్రీశైలం ఘాట్ దారిలోని తుమ్మలబైలులో జంగిల్ సఫారీ. హాలు నిండా సంచులు. కూతురి పిల్లలిద్దరూ దోమతెరలో నిద్రపోయారని పెద్దవాళ్ల నమ్మకం.)

రాఘవయ్య: ఇన్ని సంచులా! అడవికి వెళ్తున్నామా, పెళ్లికి తరలి వెళ్తున్నామా?

సరస్వతమ్మ: పులిహోర, చక్కిలాలు, అరకిలో మైసూర్‌పాక్. అడవిలో మీకు హోటలు ఎవరు పెట్టారు?

రాఘవయ్య: ఘాట్ మొదట్లోనే కోతులు పంక్తి వేసుకుని కూర్చుంటాయి. వాటికి తిండి పెట్టకూడదు.

సరస్వతమ్మ: నేను పెట్టను. లాక్కుంటే మీరే దిగి మందలించండి. మనవలు ఎలాగూ మీ మాట వినరు, అవైనా వింటాయేమో.

రాఘవయ్య: రెండింటికే లేవాలి. పొదిలి, మార్కాపురం దాటి దోర్నాల చేరేసరికి...

సరస్వతమ్మ: గేటు వేసే ఉంటుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ ఘాట్‌లోకి బండ్లను వదలరు. చీకట్లో గంటసేపు దోమలకు విందు చేయడానికా? మూడున్నరకు లేస్తే చాలు.

రాఘవయ్య: పొద్దెక్కితే పులి పొదల్లో పడుకుంటుందే!

సరస్వతమ్మ: నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం 3,728 చదరపు కిలోమీటర్లని పిల్లలకు చెప్పింది మీరే. నుదుటి మీదున్న కళ్లద్దాల కోసం పొద్దున ఇల్లంతా వెతికారు. అంత అడవిలో మీకు పులి దొరుకుతుందా?

రాఘవయ్య: మనం వెతకనక్కరలేదు. పులి కదిలితే దుప్పులు కూస్తాయి, చెట్ల మీద కొండముచ్చులు అరుస్తాయి. నీ గాజుల చప్పుడు వినగానే పిల్లలు ఫోను దిండు కింద దాచేయరూ, అలాగన్నమాట.

సరస్వతమ్మ: అంటే పులిని నేనా?

రాఘవయ్య: (ముప్పై ఎనిమిదేళ్ల కాపురం నేర్పిన వేగంతో) పులి కనబడకపోయినా అడుగు కనబడుతుంది. కుక్క అడుగులో గోళ్ల గుర్తులుంటాయి, పులి అడుగులో ఉండవు. నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది.

సరస్వతమ్మ: ఆపాటి జ్ఞానం మీకుంటే మేజోళ్లకు చిల్లులు పడేవా?

రాఘవయ్య: ఇంకో సంగతి. ఏ రెండు పులులకూ చారలు ఒకేలా ఉండవు.

సరస్వతమ్మ: మీ చారలు మాత్రం ఏ పెళ్లి ఫోటోలో చూసినా ఒకటే. రేపు ఆ చొక్కా వద్దు, మట్టిరంగుది తీసిపెట్టాను.

రాఘవయ్య: రంగు సరే, నీ నోరు సంగతేమిటి? జీపులో మాట్లాడకూడదు.

సరస్వతమ్మ: ఆ మాట మీరు చెప్పాలి! ఇప్పుడే పందెం. ఎవరు ముందు మాట్లాడితే వాళ్లకు వెనక సీటు.

(ఇద్దరూ గోడ గడియారం కింద కూర్చున్నారు. ఫ్యాను తిరుగుతోంది. సరస్వతమ్మ చూపు పులిహోర గిన్నె మీద పడింది. పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి.)

సరస్వతమ్మ: ఏమండీ, ఇందులో ఇంగువ వేశానా?

రాఘవయ్య: ఓడిపోయావు! వేశావు, కానీ ఉప్పు తక్కువ.

సరస్వతమ్మ: అప్పుడే రుచి కూడా చూశారా!

దోమతెరలోంచి: పదకొండు సెకన్లు తాతయ్యా!